పెట్టెలో పోయిన అర కిలో

మా ఇంట్లో దేన్నయినా ముందు అంచనా వేయాలి, ఆ తర్వాతే కాటా ఎక్కించాలి. లాండ్రీ వాళ్ళం కదా. హోటళ్ళ నుంచి, ఆసుపత్రి నుంచి దుప్పట్ల మూటలు దిగగానే చేత్తో ఎత్తి చూసి ఎంత బరువుందో తలా ఒక అంకె చెప్పాలి. ఎవరి అంచనా ఎక్కువ తప్పితే ఆ మూటను మిషన్ దాకా మోసే బాధ్యత వాళ్ళది. ఇది నా పెనిమిటి పెట్టిన రివాజు. ఆయన పోయారు గానీ రివాజు పోలేదు.

మా పెద్దాడు దానికి ఇంకో ముడి వేశాడు. ఏ ముల్లయినా వాడి కుర్చీలోంచి కనిపించి తీరాలి. పై అంతస్తులోనే మా ఇల్లు, దాన్నానుకుని వాడి ఆఫీసు గది, ఆ గదికి కిందికి చూసే అద్దాల కిటికీ, కిటికీ పక్కన కుర్చీ. కింద ఉన్న కాటా ముఖం పైకి తిప్పి ఉంటుంది. బాయిలరు మీటరు, గడియారం, అన్నీ మెడలు సాచి వాడి వైపే చూస్తుంటాయి. తన కళ్ళతో చూడని అంకె వాడి దృష్టిలో పుకారు. మోకాళ్ళు పట్టేశాక కిందికి దిగడం పూర్తిగా మానేసి ఆ కుర్చీలోనే వేళ్ళూనుకున్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న మా ఇంట్లో మూటను కాదు, నీళ్ళను అంచనా వేశారు.

వేసింది నా మనవరాలు. మా పెద్దాడి కూతురే. దాన్ని మేమంతా మిడత అంటాం, పుట్టిన దగ్గర్నుంచీ ఒకచోట కాలు నిలవదు కనుక. నీళ్ళూ, వేడీ, పైపులూ కలిసిన చదువేదో చదివి, ఒక బాయిలర్ల కంపెనీలో కొన్నాళ్ళు పని చేసి వచ్చింది. సొంతంగా వర్క్‌షాపు పెట్టాలని దాని కోరిక. ఇంత వ్యాపారం ఇంట్లో పెట్టుకుని ఇంకో వ్యాపారమేమిటి, వచ్చి కౌంటర్లో కూర్చో అని తండ్రి పట్టు. ఇద్దరిదీ ఒకే మొండితనం. నాకు బాగా తెలుసు, అది మా పుట్టింటి సరుకు.

మిషన్లలో ఉతికిన నీళ్ళు పొగలు కక్కుతూ వెళ్ళి కాలవలో పడతాయి. ఆ పక్కనే బాయిలరు చన్నీళ్ళను కాచడానికి నానా తంటాలూ పడుతుంటుంది. పోయే వేడిని పట్టుకుని వచ్చే నీళ్ళకు ఇద్దాం అంది మిడత. ఇచ్చే పెట్టెను హీట్ ఎక్స్ఛేంజర్ అంటారట. నాకు నోరు తిరగదు, పెట్టె అనే అంటాను. సన్నటి రేకులు ఒకదాని వెనక ఒకటి పేర్చి బిగించి ఉంటాయి. ఒక సందులో మురికి వేణ్ణీళ్ళు, పక్క సందులో మంచి చన్నీళ్ళు. ఒకదాన్నొకటి తాకవు. అలిగిన వియ్యాలవారు పక్క పక్క గదుల్లో దిగినట్టు, ముఖాలు చూసుకోకపోయినా గోడ అవతలి వేడి ఇవతలికి తెలుస్తూనే ఉంటుంది.

చిక్కల్లా ఒక్కటే. అంత ఇరుకు సందుల్లో రాసుకుంటూ దూరి బయటపడేసరికి నీళ్ళ ఊపు తగ్గుతుంది. కిక్కిరిసిన బస్సులో వెనక తలుపున ఎక్కి ముందు తలుపున దిగిన మనిషి ఎలా ఉంటాడు? అలాగన్నమాట. ఆ ఊపును, అంటే ఒత్తిడిని, మా పైపుల పనివాళ్ళు కిలోల్లో చెప్పుకుంటారు. మా పాత పంపు మూడు కిలోలతో తోస్తుంది. మిషన్లకు రెండున్నర అందాలి. అందకపోతే అవి సగం నిండి, ఎర్ర దీపం వెలిగించి, అలిగి కూర్చుంటాయి. కనుక పెట్టె అర కిలో తినొచ్చు, అంతకు మించి తినకూడదు.

"మించదు నాన్నా. లెక్క కట్టాను," అంది మిడత, అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు.

"కాగితం మీద కట్టావు," అన్నాడు మా పెద్దాడు.

"మరి నీళ్ళ మీద కడతారా?"

"నీళ్ళు నీ కాగితం చదవవే."

"మొదటి లెక్కలో కిలో దాకా పోయేట్టు వచ్చింది. అందుకే రేకులు పెంచాను. దారులు ఎక్కువైతే ఒక్కో దారిలో నీళ్ళు నింపాదిగా నడుస్తాయి. వేగం సగమైతే పోయే ఒత్తిడి సగం కాదు నాన్నా, పావే!"

"ఈ సూత్రం మీ నాన్నకు పనికిరాదే," అంది మా కోడలు వాడి కంచం వైపు చూస్తూ. "వేగం సగానికి పడిపోయినా తినేది తగ్గలేదు."

మా కోడలికి నవ్వు మొదలైతే ఎక్కిళ్ళు వస్తాయి. నీళ్ళు తాగించి వీపు మీద చరిచాక గానీ మా పెద్దాడి మాట వినబడలేదు.

"సరే. పెట్టె బిగించు. ముందొక గేజీ, వెనకొక గేజీ పెట్టు. మిషన్ల వైపు గేజీ రెండున్నర చూపిస్తే అప్పుడు మిషన్లకు కలుపుదాం. వెనక షెడ్డు నీది, నీ వర్క్‌షాపు పెట్టుకో. చూపించకపోతే?"

"పెట్టె వెనక్కి పంపేసి నీ కౌంటర్లో కూర్చుని బిల్లులు రాస్తా. మళ్ళీ వర్క్‌షాపు మాట ఎత్తితే ఒట్టు."

"తర్వాత సణగకూడదు."

"నీ కూతుర్ని. సణగను, గొణుగుతానంతే."

నవ్వుతూనే లేచి వెళ్ళింది గానీ, నేను చూడనే చూశాను, కంచంలో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది.

పెట్టె బిగించింది మా అల్లుడు. మా చిన్నమ్మాయి మొగుడు, పైపుల పనిలో చెయ్యి తిరిగినవాడు. మనిషి బంగారం. ఒక్కటే లోపం, ఎవరు గట్టిగా మాట్లాడితే ఆయనకు వాళ్ళదే న్యాయం. మిడత రబ్బరు వాషర్ల కోసం బజారుకు వెళ్ళిన పూట మా పెద్దాడు కిటికీలోంచి అరిచాడు.

"బావా! ఆ రెండో గేజీ అక్కడ కాదు, ఇక్కడ, నా కుర్చీ పక్కన!"

"అంత పైకా బావగారూ?"

"సన్న గొట్టం వేసి పైకి తీసుకురా. నేను చూడని అంకె నాకొద్దు."

అల్లుడు అలాగే పెట్టె వెనక నుంచి వేలు లావు రాగి గొట్టం ఒకటి తీసి, మెట్ల పక్క గోడ వెంబడే పాకించి, కుర్చీ దగ్గర గేజీ తగిలించాడు. ఎంత శ్రద్ధంటే, గొట్టంలో గాలి బుడగ కూడా మిగలకుండా నీళ్ళు నింపి మరీ బిగించాడు. మిడత వచ్చి చూసింది.

"పైన పెట్టించుకున్నావా నాన్నా? పెట్టించుకో. నీ కుర్చీ పక్కన కాదు, నీ ఒళ్ళో పెట్టుకున్నా అంకె మారదు!"

అంత ధీమాగా అంది ఆ పిల్ల.

పరీక్ష పొద్దున్నే పెట్టుకున్నాం. నీళ్ళు పెట్టెలోంచి వచ్చి మిషన్ల పక్కనున్న తొట్టిలో పడేట్టు తాత్కాలికంగా ఒక పైపు వేశారు, మిషన్ల మురికి వేణ్ణీళ్ళను పెట్టె రెండో వైపుకు మళ్ళించారు. ముందుగా రివాజు ప్రకారం అంచనాలు.

"పెట్టె రెండు కిలోలు మింగుతుంది," అని కిటికీలోంచి మా పెద్దాడు.

"కిలోన్నర అనుకోండి బావగారూ," అని అల్లుడు. పైకి చూసి అలా అని, కిందికి చూసేసరికి మిడత కళ్ళురిమింది. "అంటే, కిలో. ముప్పావు. పోనీ మా మేనకోడలు ఎంతంటే అంత!"

"నా కూతురు అర అంది కనుక అరే," అంది మా కోడలు.

నేను పావు అన్నాను. ఎందుకన్నానంటే ఏం చెప్పను, మనవరాలికి తక్కువ నష్టం రావాలనే ఆశ తప్ప నా దగ్గర ఇంకో లెక్క లేదు.

మిడత కింద, పెట్టె ముందున్న గేజీ దగ్గర నిలబడింది. పై గేజీ దగ్గర మా పెద్దాడు ఆసీనుడయ్యాడు. ఆ భవనం ఒకప్పుడు ధాన్యం గోదాము, కింది అంతస్తే తాటిచెట్టంత ఉంటుంది. పైగా అప్పుడే మొదలైన మిషన్ల మోత. కింది మాట పైకి వినబడదు, పై మాట కిందికి వినబడదు. అందుకని నన్ను మెట్ల మధ్యలో మలుపు దగ్గర పీట వేసి కూర్చోబెట్టారు. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేయడం నా పని. పుట్టిన దగ్గర్నుంచీ చేస్తున్న పనే, జీతమొక్కటే తక్కువ.

"నానమ్మా! కింద మూడు!"

"ఒరేయ్, కింద మూడురా! మూడంటే మూడే, గీత మీద నిలబడింది, బంగారు తల్లి!"

"అమ్మా, బంగారు తల్లి అనేది ముల్లునా, దాన్నా?"

"ఇద్దర్నీ! నీదెంతో చెప్పరా ముందు!"

పైన వాడు గేజీ మీదికి వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

"నిద్రపోయావుట్రా?"

"రెండు," అన్నాడు.

"రెండున్నరా?"

"రెండేనమ్మా."

చిత్రం చూడండి, వాడి గొంతులో గెలిచిన సంతోషం లేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవడం మెట్ల మీద నుంచి నాకు కనబడింది. గేజీ అద్దం కూడా తుడిచాడు. గోటితో కొట్టి చూశాడు. ముల్లు వణికి, మళ్ళీ రెండు మీదే కూర్చుంది.

నా జన్మలో మొదటిసారి ఒక మాటను చేరవేయడానికి నాకు నోరు రాలేదు. కానీ కింద అది నా ముఖం చూసి చదివేసింది.

"రెండా?"

"రెండేనట తల్లీ."

మూడులోంచి రెండు పోతే ఒకటి. అర కిలో అన్నది, నిలువునా కిలో పోయింది. మిడత సబ్బు డబ్బా మీద కూలబడి కాగితాలన్నీ ఒళ్ళో పోసుకుంది. రేకులు లెక్కపెట్టింది. సందు వెడల్పు మళ్ళీ కొలిచింది. నిమిషానికి ఎన్ని నీళ్ళు పడుతున్నాయో తొట్టి దగ్గర బకెట్టు పట్టి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అన్నీ సరిగ్గా ఉండి జవాబు తప్పు కావడం కంటే ఘోరం ఇంకోటి లేదు, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియదు.

"బావగారూ, పోనీ రెండుంపావు అనుకుంటే ఎలా ఉంటుంది?" అన్నాడు అల్లుడు పైకి చూసి.

"మీరు ఊరుకోండి మామయ్యా," అంది మిడత. "ముల్లుతో బేరమాడితే వింటుందా?"

లేచింది. కాగితాలు మడిచి వాళ్ళమ్మ చేతిలో పెట్టి మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. మిడత మెట్లెక్కడం మీరు చూడలేదు. ఎప్పుడూ రెండేసి దూకుతుంది. ఆ రోజు ఒక్కొక్కటే, గోడ పట్టుకుని ఎక్కింది. కౌంటర్లో కూర్చుంటానని తండ్రితో చెప్పడానికే వెళుతోందని అందరికీ అర్థమైంది. నా పీట దగ్గరికొచ్చి ఆయాసంగా ఆగింది.

"కూర్చోవే కాసేపు. కౌంటరు ఎక్కడికీ పోదు."

"నానమ్మా," అంది. చెయ్యింకా గోడ మీదే ఉంది. చేతి కింద రాగి గొట్టం. దాన్ని తడిమింది. తల వంచి కిందికి చూసింది, మెడ ఎత్తి పైకి చూసింది. "నానమ్మా, ఇది ఎక్కుతోంది."

"నువ్వూ ఎక్కుతున్నావుగా. దానికైతే మోకాళ్ళ నొప్పులు కూడా లేవు."

"ఇందులో నీళ్ళున్నాయి!"

"నీళ్ళు కాక పాలుంటాయా? మీ మామయ్య బుడగ లేకుండా నింపాడు కూడానూ."

దభీమని మెట్టు మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. పిల్లకు మతి చలించిందేమోనని నుదుటి మీద చెయ్యి వేశాను. నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుని, "మొద్దుని నానమ్మా నేను! అసలు సిసలు మొద్దుని!" అని, ఒక్కో గెంతుకు నాలుగేసి మెట్లు దూకుతూ కింద వాలింది. మళ్ళీ మిడత అయింది.

"మామయ్యా! తొట్టి దగ్గర వాల్వు కట్టేయండి! పంపు ఆపొద్దు, వాల్వు మాత్రం పూర్తిగా కట్టేయండి!"

"కట్టేస్తే నీళ్ళు కదలవు కదమ్మా?"

"కదలకూడదనే! నాన్నా, వింటున్నావా?"

"వినిపించడం లేదు, అమ్మా ఏమంటోందది?"

"నీ కూతురు నీళ్ళు ఆపేస్తోందిరా. ఎందుకో నాకూ తెలీదు, కానీ నవ్వుతోంది!"

మిడత కింద నుంచి ఒక్కో మాటే అరిచింది. నేను ఒక్కో మాటే పైకి అందించాను. నీళ్ళు సందుల్లో రాసుకుంటూ నడిస్తేనే ఒత్తిడి పోతుంది. నిలబడ్డ నీళ్ళు పెట్టెలో ఏమీ పోగొట్టుకోవు. అంటే వాల్వు కట్టేశాక రెండు గేజీలూ ఒకే అంకె చెప్పాలి. ఔనా కాదా?

"ఔను," అన్నాడు మా పెద్దాడు కాస్త ఆలోచించి. "అంతవరకు ఔనే."

"కింద మూడుంపావు అయింది నానమ్మా!"

"కింద మూడుంపావురా! నీదెంత?"

మళ్ళీ కళ్ళద్దాలు తుడవడం.

"రెండుముప్పావు," అన్నాడు. "ఇదేమిటే? అర కిలో తక్కువుంది! నీళ్ళు నిలబడే ఉన్నాయి కదా, మరి ఆ అర కిలో ఎవరు తిన్నారు?"

ఆ మాట కిందికి అందించాను. మిడత మాత్రం ఈసారి నా సాయం అడగలేదు. గొంతు చిరిగేలా అరిచింది.

"నీ కుర్చీ తింది నాన్నా!"

మా కోడలికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

"నా కుర్చీనా?" అని వాడూ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"నీళ్ళు పైకెక్కాలంటే ఊరికే ఎక్కవు! అయిదు మీటర్లు ఎక్కేసరికి అర కిలో అక్కడే అయిపోతుంది! మిషన్లు ఉన్నవి కింద. గేజీ ఒక్కటే నీ దగ్గరికి ఎక్కింది. పెట్టె తిన్నది అర, నీ కుర్చీ తిన్నది అర!"

"అయితే నా కళ్ళకు కనబడ్డది అబద్ధమా?"

"అబద్ధం కాదు, నీ కుర్చీ దగ్గర అది నిజమే. మిషన్ దగ్గర నిజం చూడాలంటే మిషన్ దగ్గరికి రా!"

అందరం ఒక్కసారి కిటికీ వైపు చూశాం. వాడు కిందికి దిగి ఎంత కాలమైందో నాకే గుర్తు రావడం లేదు, నాకు గుర్తులేని సంగతంటే మీరే అనుకోండి. మెట్ల వైపు చూశాడు. మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత గది మూలనున్న బట్టల లిఫ్టు వైపు చూశాడు. ఇస్త్రీ మడతలు పైకీ కిందికీ చేరవేసే ఇనుప బోను అది. దాని మీద "మనుషులు ఎక్కరాదు" అని ఎర్ర రంగుతో స్వయంగా రాసింది వాడే.

"ఏవండీ, వద్దండీ!" అంది కోడలు, ఎక్కిళ్ళ మధ్య.

"బరువు ఆగుతుందా బావా?"

"అంచనా చెప్పమంటారా బావగారూ?" అన్నాడు అల్లుడు.

"నోర్ముయ్!"

గొలుసులు కిర్రుమన్నాయి. ముందు చెప్పులు దిగాయి, తర్వాత మోకాళ్ళు, తర్వాత ఒళ్ళో పెట్టుకున్న దుప్పట్ల కట్ట, చివరికి ఎర్రబడ్డ ముఖం. దుప్పట్ల మధ్య మడిచి పెట్టిన పెద్దమనిషిలా దిగాడు నా కొడుకు. ఇస్త్రీ ఆడవాళ్ళు పని ఆపి చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, కన్నతల్లినైతే మాత్రం.

ఈలోగా అల్లుడు పైకి పరిగెత్తి గేజీ విప్పుకొచ్చి, గొట్టం పీకేసి, పెట్టె వెనకే, మిషన్ల పైపు ఎత్తులోనే బిగించాడు. వాల్వు తెరిచారు. నీళ్ళు గలగలమని తొట్టిలోకి దూకాయి. మిడత గేజీకి వీపు పెట్టి నిలబడి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నేను చూడను. నాన్నే చూడాలి."

మా పెద్దాడు వంగాడు. గోటితో కొట్టాడు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. "అమ్మా, నువ్వూ చూడు," అన్నాడు.

చదువు నాకు అంతంత మాత్రమే గానీ అంకెలు వచ్చు. ముల్లు రెండున్నర గీత దాటి ఒక వెంట్రుకవాసి అవతల నిలబడింది.

"ఎంత నానమ్మా? చెప్పవేం?"

"వాణ్ణే చెప్పనీ."

"రెండున్నర," అన్నాడు మా పెద్దాడు. "ఇంకో పిసరు ఎక్కువే."

దాని కేకకు కప్పు దూలాల మీది పావురాలు ఎగిరిపోయాయి. తండ్రి మెడకు వేలాడింది, వాళ్ళమ్మను గిరగిరా తిప్పింది, మామయ్య చేతిలోని పానా లాక్కుని ముద్దు పెట్టుకుంది. అల్లుడు తను మొదటి నుంచీ అర కిలో అనే అన్నానని పక్కవాళ్ళతో వాదనకు దిగాడు. మా కోడలు నవ్వలేక, ఎక్కిళ్ళాపలేక గోడకు చేరగిలబడింది. ఈ గోలలో పంపు ఆపాలని ఒక్కరికీ తోచలేదు. తొట్టి నిండింది, పొర్లింది, గచ్చంతా పారింది. మా పెద్దాడి చెప్పొకటి తేలుతూ సబ్బు డబ్బాల వైపు ప్రయాణం కట్టింది.

వాడు మాత్రం కదలలేదు. ఖాళీ పాదం నీళ్ళలో అటూ ఇటూ ఆడిస్తూ నిలబడ్డాడు.

"ఇవి చన్నీళ్ళు కదే?" అన్నాడు.

"లోపలికి పోయినప్పుడు చన్నీళ్ళే."

"గోరువెచ్చగా ఉన్నాయే! బాయిలరుకు పోకముందేనా?"

"అందుకే కదా నాన్నా పెట్టె పెట్టింది!"

వాడు రెండో చెప్పు కూడా విడిచేశాడు. పోయే నీళ్ళల్లో ఇంత వేడి ఇన్నాళ్ళూ కాలవపాలైందా అని గొణుగుతూ మోకాళ్ళ దాకా తడుపుకున్నాడు. నొప్పులకు మంచిదట. కుర్చీ తెమ్మంటాడేమోనని చూశాను, అడగలేదు.

"మిషన్లకు కలిపెయ్ బావా," అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "షెడ్డు నీదే. కాకపోతే అందులో నా పాత సామాను ఉంది. అది ఓ మూల అలాగే ఉంటుంది," అన్నాడు.

"ఉండదు నాన్నా."

"ఆ పాత పిండే మిషను మీ తాతగారిది!"

"తాతగారి మిషను నీ ఆఫీసులో పెట్టుకో, కుర్చీలోంచి కనిపిస్తుంది."

"ఆ చక్రాలు మళ్ళీ దొరకవే!"

"మామయ్యా, ఆ చివర పట్టండి!"

తడి కాళ్ళతో తండ్రీ కూతుళ్ళు పోట్లాడుకుంటూ వెనక గుమ్మం దాటారు. వెనకాలే పానాతో అల్లుడు, ఆయన వెనక ఎక్కిళ్ళతో కోడలు. నేను పంపు ఆపి, చెప్పు ఏరుకొచ్చి, ఆ షెడ్డు వాకిట్లో బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాను. ఒక్కో వస్తువూ బయటికి వచ్చేది. దాన్ని మా పెద్దాడు లోపలికి తీసుకెళ్ళేవాడు. మిడత మళ్ళీ బయటికి తెచ్చేది. సాయంత్రానికి షెడ్డు సగం ఖాళీ అయింది, వాడి గొంతు పూర్తిగా పోయింది. చివరికి మాట రాక చేతులతో సైగ చేస్తూ, బల్ల ఆ గోడకు కాదు, వెలుతురున్న ఈ గోడకు వేసుకో అని కూతురికి తనే చోటు చూపించాడు.